మంచుబాటపై సహయాత్ర

పాఠ్యభాగ పరిచయం

యాత్రాసాహిత్యం తెలుగువారికి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరాలలో పరివారసమేతంగా కాశీయాత్ర చేసి, దారిలో కనిపించిన ఊళ్లను, నదులను, ప్రజల ఆచారవ్యవహారాలను దినచర్య రూపంలో లిఖించాడు. ఆ రచన ‘కాశీయాత్ర చరిత్ర’ అనే పేరుతో 1838లో వెలువడింది. గమ్యాన్ని చేరడం ఎంత ముఖ్యమో, దారిలోని మనుషులను తెలుసుకోవడమూ అంతే ముఖ్యమని ఆ గ్రంథం చదివినవారికి బోధపడుతుంది. ప్రస్తుత పాఠ్యభాగం లడఖ్‌లోని జన్‌స్కార్ నదిపై శీతకాలంలో సాగే ‘చాదర్’ యాత్రను పరిచయం చేస్తుంది. బృందంగా నడవడంలోని క్రమశిక్షణను, ప్రకృతి ఎదుట మానవునికి ఉండవలసిన వినయాన్ని, ఒకరి సాహసం మరొకరి నిత్యావసరం కావచ్చుననే సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్ర’లోని ప్రవరుడు పుణ్యతీర్థాలను చూడాలని ఉవ్విళ్లూరే గృహస్థు. ఇంటికి వచ్చిన సిద్ధుడు ఇచ్చిన లేపనాన్ని పాదాలకు పూసుకుని, క్షణాలలో హిమాలయాన్ని చేరుకున్నాడు. కొండల సొగసులను కన్నుల కరవు తీరా చూశాడు. మధ్యాహ్నవేళకు ఇల్లు చేరాలని తలచేసరికి కాళ్లకు పూసుకున్న లేపనం మంచునీటిలో కరిగిపోయింది. దారి తెలియదు, తోడు లేదు. ఆ తరువాత అతనికి ఎదురైన ధర్మసంకటం వేరే కథ. కాని శీతల పర్వతాలకు వెళ్లదలచినవారు ఈ ఒక్క ఘట్టం నుండి గ్రహించవలసిన విషయాలు రెండున్నాయి. మంచు మీద దేనినీ శాశ్వతమని నమ్మరాదు. ఆ దారిన ఒంటరిగా పోరాదు. ఈ రెండు సూత్రాలనూ గ్రంథాలలో చదవకుండానే, నిత్యజీవితంలో తరతరాలుగా పాటిస్తూ వచ్చినవారు జన్‌స్కార్ లోయవాసులు.

2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడిన లడఖ్‌లో జన్‌స్కార్ ఒక మారుమూల లోయ. దాని ముఖ్యపట్టణం పదుమ్ సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి ఆ లోయలో నివసించేవారు సుమారు 14 వేల మంది మాత్రమే. వారు బార్లీ, బఠాణీ పండిస్తారు. జడలబర్రెలను, గొర్రెలను పెంచుతారు. వేసవిలో పదుమ్ నుండి కార్గిల్‌కు వెళ్లే మార్గం సుమారు 4,400 మీటర్ల ఎత్తున్న పెన్సీ లా కనుమను దాటిపోతుంది. చలికాలం రాగానే ఆ కనుమను మంచు కప్పివేస్తుంది. దానితో లోయకు, లోకానికి మధ్య తలుపు మూసినట్లవుతుంది. అయితే మంచు ఒక తలుపు మూసిన చోటనే మరొక తలుపు తెరిచింది. అదే చాదర్.

చాదర్ అంటే దుప్పటి. పదుమ్ దగ్గర రెండు ఏరుల కలయికతో ఏర్పడిన జన్‌స్కార్ నది ఉత్తరంగా ప్రవహించి, లేహ్‌కు పడమరన ఉన్న నిమ్మూ గ్రామం వద్ద సింధునదిలో కలుస్తుంది. ఆ రెండింటి నడుమ అది నిలువెత్తు శిలాకుడ్యాల మధ్య, ఇరుకైన లోయ గుండా సాగుతుంది. వేసవిలో ఆ ప్రవాహవేగానికి ఎదురు నిలిచి నడవడం ఎవరి తరమూ కాదు. జనవరి, ఫిబ్రవరి నెలలలో మాత్రం రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 నుండి మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుంది. ఆ ఇరుకులోయలోకి ఎండ పొడ సోకడమే అరుదు. నీరు నెమ్మదిగా పారే ఒడ్డుల వద్ద మొదట పలుచని మంచుపొర కడుతుంది. ఎగువ నుండి కొట్టుకువచ్చిన మంచుపలకలు దానికి అతుక్కుంటాయి. రాత్రికి రాత్రి ఆ పొర మందమెక్కుతుంది. నీటికంటె మంచుగడ్డ సాంద్రత తక్కువ కాబట్టి గడ్డ పైన తేలుతుంది. నది దాని కింద ఎప్పటివలెనే పారుతూ ఉంటుంది. నడిచేవారికి అడుగున ఆ హోరు వినిపిస్తూనే ఉంటుంది.

ఈ దారిని కనుగొన్నవారు సాహసయాత్రికులు కారు. లోయలోని గృహస్థులు తాము తీసిన వెన్నను వీపున మోసుకుని, ఈ మంచు మీదుగా నడిచి, లేహ్ బజారులో అమ్మి, ఇంటికి కావలసిన సరుకులు కొనుక్కుని మళ్లీ ఇదే దారిన మరలివచ్చేవారు. కాలక్రమాన ఈ దారికి మరొక ప్రయోజనం ఏర్పడింది. లోయలో పెద్ద చదువులకు అవకాశం తక్కువ. కనుక పిల్లలను లేహ్‌లోని వసతి పాఠశాలలలో చేర్చేందుకు తండ్రులు వారిని వెంటబెట్టుకుని చాదర్‌పై నడిచేవారు. సుమారు వంద కిలోమీటర్ల దూరం. వాతావరణాన్ని బట్టి వారం రోజుల నడక. మంచు తెగిన చోట పిల్లవాణ్ణి భుజాల మీదికి ఎక్కించుకుని తండ్రి మోకాలిలోతు నీటిలోకి దిగేవాడు. బడికి వెళ్లడానికి బస్సు ఆలస్యమైతే విసుగుకొనే విద్యార్థులు ఒక్క క్షణం ఆ తండ్రిని తలచుకోవాలి. బిడ్డను బడిలో దింపి, ఆయన అదే దారిన, ఈసారి వట్టి భుజాలతో, ఇంటికి తిరిగి నడవాలి. మళ్లీ ఆ బిడ్డను చూడడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆ తండ్రికి తెలియదు.

ఇటీవలి దశాబ్దాలలో ఈ దారి దేశవిదేశాల యువతను ఆకర్షించింది. బృందాలుగా వచ్చేవారు ముందుగా లేహ్ చేరుకుంటారు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం వద్ద ఉండే వాయుపీడనంలో అక్కడ ఉండేది సుమారు మూడింట రెండు వంతులే. పీల్చిన ప్రతి శ్వాసలోనూ శరీరానికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. మైదానాల నుండి విమానంలో ఒక్కసారిగా దిగినవారికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం కలుగుతాయి. ఇవి పర్వతవ్యాధికి తొలి లక్షణాలు. లక్ష్యపెట్టకుండా ముందుకు సాగితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే యాత్రికులు కొన్ని రోజులు లేహ్‌లో విశ్రమించి, వైద్యపరీక్ష పూర్తిచేసుకుని, అనుమతి పొందిన తరువాతనే నది వద్దకు వెళ్లాలన్న నియమం ఏర్పడింది. కండబలం గలవారికి ఈ వ్యాధి రాదనుకోవడం భ్రమ. వ్యాయామశాలలో ఆరితేరిన యువకుడు వెనుదిరగవచ్చు. బక్కపలుచని నడివయసు స్త్రీ సునాయాసంగా నడిచిపోవచ్చు. కొండ ముందు అందరూ కొత్తవారే.

దుస్తుల విషయంలోనూ ఒక పద్ధతి ఉంది. ఒకే మందపాటి కోటు కంటె పొరలుపొరలుగా వేసుకున్న దుస్తులు మేలు. పొరల నడుమ చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నడిచి వేడెక్కినపుడు ఒక పొర విప్పుకోవచ్చు. నూలుబట్ట చెమటను పీల్చుకుని తడిసి, ఆరక, శరీరాన్ని చల్లబరుస్తుంది. కనుక ఒంటికి తగిలే పొర ఉన్నిదై ఉండాలి. కాళ్లకు ఖరీదైన బూట్లకంటె రబ్బరు గమ్‌బూట్లే అక్కడ ఉపకరిస్తాయి. మంచు మీద నీరు నిలిచిన చోట అవే పాదాలను పొడిగా ఉంచుతాయి. ప్రవరుని పాదలేపం కరిగిపోయింది గాని, ఈ సామాన్యమైన పాదరక్ష కరగదు.

నడక మొదలైన తరువాత బృందానికి కన్ను, చెవి అయ్యేవాడు స్థానిక మార్గదర్శి. అతడు అందరికంటె ముందు నడుస్తూ చేతికర్రతో మంచును తడతాడు. గట్టి మంచు ఒక విధంగా, బోలుమంచు మరొక విధంగా మ్రోగుతాయి. రంగును బట్టి, పగుళ్ల తీరును బట్టి ఎక్కడ అడుగు వేయాలో, ఎక్కడ వేయరాదో నిర్ణయిస్తాడు. కొత్తగా కురిసిన హిమం చూపులకు మెత్తని పాన్పువలె ఉంటుంది. కాని అది పగుళ్లను కప్పివేస్తుంది; పైగా దుప్పటి కప్పినట్లుగా అడ్డుపడి, చలి కిందిగడ్డకు తగలకుండా చేసి దానిని బలహీనపరుస్తుంది. మేఘాలు కమ్మిన రాత్రులలో భూమి నుండి వేడి త్వరగా పోదు. అప్పుడూ మంచు సరిగా కట్టదు. నిర్మలాకాశం కింద ఎముకలు కొరికే చలి రాత్రి గడిస్తేనే మరునాటి దారి దృఢంగా ఉంటుంది. అన్ని చోట్లా మనుషులు చలి తగ్గాలని కోరుకుంటారు. చాదర్‌పై నడిచేవారు మాత్రం చలి పెరగాలని కోరుకుంటారు.

బృందంలోని వారు మార్గదర్శి అడుగుల వెంట, ఒకరికొకరు కొంత ఎడంగా, వరుసగా నడవాలి. అందరూ ఒకచోట గుమికూడితే మంచు ఆ బరువును మోయలేదు. మరీ దూరమైతే ఒకరు జారిపడినా మరొకరికి తెలియదు. దగ్గరితనానికీ దూరానికీ ఒక హద్దు ఉండాలన్న లోకనీతి అక్కడ ప్రాణసూత్రం అవుతుంది. అడుగు ఎత్తి వేయకుండా, మోకాళ్లు కొద్దిగా వంచి, పాదాన్ని నేలకు ఆనించి జరుపుతూ పోవాలి. పరుగెత్తేవాడు పడతాడు. బృందపు వేగం అందరికంటె నెమ్మదిగా నడిచేవారి వేగమే. బలవంతుడు ఆగడం నేర్చుకోవాలి. బలహీనుడు తన బాధను దాచకుండా చెప్పడం నేర్చుకోవాలి. ఈ రెండవది మొదటిదానికంటె కష్టం. తలనొప్పిని సిగ్గుపడి దాచినవాడు తనతోపాటు తోటివారినందరినీ ఆపదలోకి నెట్టినవాడవుతాడు.

బృందం వెనుక, ఒక్కొక్కసారి ముందు, కూలీలు నడుస్తారు. గుడారాలను, వంటసామగ్రిని, ఇంధనాన్ని చిన్న బండ్లపై కట్టి మంచు మీద లాక్కుపోతారు. యాత్రికులు విడిదికి చేరేసరికే అక్కడ పొయ్యి వెలిగి ఉంటుంది. ఉప్పు, వెన్న వేసి చిలికిన లడఖీ తేనీరు, వేయించిన బార్లీపిండి అక్కడివారి ఆహారం. పూర్వం లోయవాసులు కొండగుహలలో రాత్రి గడిపేవారు. కట్టెలమంట చుట్టూ కూర్చుండి కథలు చెప్పుకునేవారు. ఆ మంటల పొగకు నల్లబడిన గుహలు దారి పొడవునా కనిపిస్తాయి. ‘జూలే’ అని పలకరించే ఆ కూలీలలో కొందరు ఒకప్పుడు తండ్రి భుజాలపై ఈ నదిని దాటినవారే. యాత్రికుడు తీసుకున్న ఛాయాచిత్రంలో వారు సాధారణంగా కనిపించరు. కాని వారి చేతికర్ర చప్పుడు లేనిదే ఆ ఛాయాచిత్రమే లేదు.

ఎంత జాగ్రత్త వహించినా నది తన స్వభావాన్ని మానదు. ఒకచోట గడ్డలు అడ్డుపడి నీరు పొంగి మంచు మీదికి వస్తుంది. మరొకచోట రాత్రి ఉన్న బాట తెల్లవారేసరికి మాయమవుతుంది. అప్పుడు ఒడ్డున ఉన్న రాతిగోడలను పాకుతూ దాటాలి, లేదా మంచు మళ్లీ కట్టేవరకు వేచి ఉండాలి. 2020 జనవరిలో నేరక్ గ్రామ సమీపంలో మంచు విరిగి యాత్రికులు చిక్కుకుపోగా వైమానిక దళ హెలికాప్టర్లు వారిని సురక్షితంగా తరలించాయి. అంతకుముందు 2014 డిసెంబరు 31న జన్‌స్కార్ ఉపనదిపై కొండచరియ విరిగిపడి పెద్ద సరస్సు ఏర్పడింది. అది ఎప్పుడు తెగుతుందో తెలియని స్థితిలో ఆ శీతకాలం చాదర్ యాత్రలను నిలిపివేశారు. 2015 మే 7న ఆ కట్ట తెగి, అనేక వంతెనలు కొట్టుకుపోయాయి. యాత్ర ఆగిందని ఆనాడు నిరాశపడినవారికి, ఆపినవారి దూరదృష్టి ఏమిటో అప్పుడు అర్థమయింది. ముందుకు సాగడం ధైర్యమైతే, వెనుదిరగడం వివేకం.

యాత్రికుల రాకతో లోయవాసులకు చలికాలంలో నాలుగు డబ్బులు చేతికందే మార్గం ఏర్పడింది. దానివెంట కొన్ని చిక్కులూ వచ్చాయి. చలిప్రదేశంలో చెత్త కుళ్లి మట్టిలో కలియడానికి ఎంతో కాలం పడుతుంది. ప్లాస్టిక్ సంచి అయితే మంచు కరిగిన రోజున నేరుగా నదిలోకి, నది నుండి సింధువులోకి పోతుంది. ఒడ్డున దొరికే కొద్దిపాటి కట్టెలను వందలమంది తగులబెడితే అక్కడివారికి ఏమీ మిగలదు. అందువల్ల గ్యాస్‌పొయ్యిలు వాడడం, తెచ్చిన చెత్తను తిరిగి మోసుకుపోవడం యాత్రికుల కనీస ధర్మం. ఇంటికి వచ్చిన అతిథి ఇల్లు పాడుచేసి పోవడం ఏ సంప్రదాయానికీ సమ్మతం కాదు.

ఇప్పుడు చాదర్ కథ మలుపు తిరిగింది. నిమ్మూ నుండి పదుమ్ మీదుగా హిమాచల్ ప్రదేశ్‌లోని దార్చా వరకు 298 కిలోమీటర్ల రహదారిని సరిహద్దు రహదారుల సంస్థ నిర్మిస్తూ వచ్చింది. నదీలోయ వెంబడి కొండను తొలిచి వేసిన ఈ దారి 2024 మార్చిలో రెండు కొనలా అనుసంధానమయింది. అదే సంవత్సరం జులైలో షింకు లా కనుమ కింద 4.1 కిలోమీటర్ల సొరంగపు పనులు మొదలయ్యాయి. అది పూర్తయితే ఏడాది పొడవునా వాహనాలు తిరిగే వీలు కలుగుతుంది. మరొకవైపు, హిమాలయ ప్రాంతం ప్రపంచ సగటు కంటె వేగంగా వేడెక్కుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. చలి తగ్గితే మంచు పలచబడుతుంది. పైన రహదారి, కింద కరుగుతున్న మంచు. ఈ రెండింటి నడుమ చాదర్ ఇంకెంతకాలం నిలుస్తుందన్నది ప్రశ్న.

ఒక అపురూపమైన యాత్ర అంతరిస్తున్నదని పర్యాటకులు చింతించడం సహజం. కాని ఆ చింతను లోయలోని గర్భిణి ఎదుట పలకగలమా? ప్రసవవేదనతో ఉన్న స్త్రీని ఆసుపత్రికి చేర్చాలంటే ఆమెకు కావలసినది రహదారి. మంచుబాట సౌందర్యం కాదు. జబ్బుపడిన ముదుసలికి, బడికి వెళ్లే బాలికకు కావలసినదీ అదే. కష్టాన్ని సంప్రదాయమని పొగడి, ఎదుటివారు ఆ కష్టంలోనే ఉండిపోవాలని కోరుకోవడం న్యాయం కాదు. అదే సమయంలో, దారితోపాటు మరొకటి కూడా చేజారే ప్రమాదం ఉంది. కర్రచప్పుడుతో మంచు మనసు తెలుసుకునే విద్య ఏ విద్యాలయంలోనూ బోధించనిది. అది తండ్రి నడిచిన చోట కొడుకు నడవగా అబ్బినది. నడిచేవారు లేకపోతే ఆ విద్యకు వారసులు ఉండరు. రహదారిని ఆహ్వానిస్తూనే ఆ జ్ఞానాన్ని పదిలపరచుకోవడం నేటితరం కర్తవ్యం.

మనుచరిత్రలో ప్రవరుడు చివరకు అగ్నిదేవుని సహాయంతో ఇల్లు చేరాడు. చాదర్‌పై నడిచేవారికి ఆ అగ్ని, గుహలో తోటివారు రాజేసిన మంటలో కనిపిస్తుంది. పరాయివానికీ ఆ మంట దగ్గర చోటు ఉంటుంది. ఎక్కిన ఎత్తునో, నడిచిన దూరాన్నో గర్వంగా చెప్పుకునేవారు చాలామంది ఉన్నారు. ఎవరి వెలుగులో, ఎవరి అడుగుజాడలో నడిచారో చెప్పగలిగినవారే యాత్రను నిజంగా పూర్తిచేసినవారు.

పదవిజ్ఞానం

ఉవ్విళ్లూరు = మిక్కిలి ఆశపడు
లేపనం = పూత
ధర్మసంకటం = ఏది ధర్మమో తేల్చుకోలేని చిక్కు
కనుమ = రెండు కొండల నడుమ దారి
శిలాకుడ్యం = రాతిగోడ
సాంద్రత = చిక్కదనం
బోలు = లోపల ఖాళీగా ఉన్నది
సునాయాసంగా = తేలికగా
విడిది = బస, మజిలీ
అనుసంధానం = కలయిక
ముదుసలి = వృద్ధురాలు, వృద్ధుడు

సంధులు: నిర్మలాకాశం = నిర్మల + ఆకాశం (సవర్ణదీర్ఘ సంధి); నిత్యావసరం = నిత్య + అవసరం (సవర్ణదీర్ఘ సంధి); హిమాలయం = హిమ + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి).

సమాసాలు: వాయుపీడనం = వాయువు యొక్క పీడనం (షష్ఠీ తత్పురుష); రాతిగోడ = రాతితో కట్టిన గోడ (తృతీయా తత్పురుష); కన్ను, చెవి అనే పదాలను కలిపి ద్వంద్వ సమాసంగా రాయండి.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చాదర్ ఎలా ఏర్పడుతుంది? దానిపై నడిచే బృందం పాటించవలసిన నియమాలను వివరించండి.
2. జన్‌స్కార్ లోయకు రహదారి రావడం వల్ల కలిగే లాభాలను, చేజారే ప్రమాదమున్న సంపదను చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రవరుని కథ నుండి పర్వతయాత్రికులు గ్రహించవలసినదేమిటి?
2. పర్వతవ్యాధి లక్షణాలు ఏవి? దాని నివారణకు ఏ నియమం ఏర్పడింది?
3. చాదర్‌పై నడిచేవారు చలి పెరగాలని ఎందుకు కోరుకుంటారు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “కొండ ముందు అందరూ కొత్తవారే.”
2. “ముందుకు సాగడం ధైర్యమైతే, వెనుదిరగడం వివేకం.”

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. జన్‌స్కార్ నది సింధునదిలో ఎక్కడ కలుస్తుంది?
2. ‘కాశీయాత్ర చరిత్ర’ గ్రంథకర్త ఎవరు?
3. లోయవాసులు లేహ్ బజారులో ఏమి అమ్మేవారు?

ఉ) మీ ప్రాంతంలో పెద్దల నుండి పిల్లలకు నోటిమాటగా, చేతిపనిగా అందుతూ, నేడు మరుగున పడుతున్న ఒక విద్యను గురించి పెద్దలను అడిగి తెలుసుకుని పది పంక్తులు రాయండి.